హెఫేయి దారిలో పట్టిన ఆవిరి

మా ఆయన టీ తాగితే పక్క గదిలోకి వినపడుతుంది. పెళ్లయిన కొత్తలో నలుగురిలో కూర్చుని ఆయన అలా జుర్రుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇరవై రెండేళ్లు చెప్పి చూశాను, మానలేదు. ఒకరోజు ఆ చప్పుడు ఆగిపోయింది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటికి ఆయన చైనాలో ఉన్నాడు, నేను జర్మనీలో ఉన్నాను. ఎలా జరిగిందో మొదటి నుంచి చెప్తాను.

మాది మెదక్ వైపు. ఆయన బాలానగర్‌లో డైల పని నేర్చుకున్నాడు. డై అంటే రేకును కారు డోరులాగా, బానెట్‌లాగా వంచే ఇనుప అచ్చు. చిన్నదేం కాదు, ఒక్కొక్కటి మా వంటగదంత ఉంటుంది. ఆ పని మీదే జర్మనీలోని జిండెల్ఫింగెన్ వచ్చాం. ఆ ఊళ్లో కార్ల ఫ్యాక్టరీ పెద్దది గానీ, ఆయన పనిచేసేది దాని చుట్టూ బతికే ఒక చిన్న కంపెనీలో. కొత్త డై మిషన్లో కూర్చున్నాక రేకు చిరగకుండా, ముడత పడకుండా వచ్చేదాకా దాన్ని అరగదీస్తూ, సరిచేస్తూ ఉండాలి. వేలితో తడిమి వెంట్రుకంత ఎత్తుపల్లం చెప్పేస్తాడని ఆయనకు పేరు.

కరోనా వచ్చిన రెండో ఏడు, చైనాలో హెఫేయి అనే ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ లేస్తోంది, ఆరు నెలలు వెళ్లి రావాలన్నారు. వెళ్లాడు. అప్పట్లో ఆ దేశంలోకి వెళ్లడమే గగనం. ఒకసారి బయటికి వస్తే మళ్లీ లోపలికి రానిస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకని పని అయిపోయేదాకా ఉండమన్నారు. ఆరు నెలలు ఏడాదైంది, ఏడాది ఏడాదిన్నర అయింది.

నాకు పొద్దున ఏడింటికి ఆయనకు మధ్యాహ్నం ఒంటిగంట. ఆయన అన్నం తిని టీ తాగుతూ, నేను టీ మరగబెట్టుకుంటూ ఫోన్‌లో మొహాలు చూసుకుని మాట్లాడుకునేవాళ్లం. ఒక రోజు కెమెరా ఆఫ్ చేసి ఉంది. నెట్‌వర్క్ బాగాలేదన్నాడు. మర్నాడూ అదే మాట. వారం గడిచింది. నెట్‌వర్క్ మాట నమ్మేదాన్నే. కానీ టీ చప్పుడు లేదు.

"టీ తాగుతలేవా?" అన్నాను.

"తాగుతున్న."

"మరి సప్పుడేది?"

"నువ్వే గద వద్దంటివి."

"ఇరవై రెండేండ్ల సంది ఇననోనివి ఇయ్యాల ఇన్నవా?"

ఆయన నవ్వలేదు. మీటింగ్ ఉందని పెట్టేశాడు. మాట కూడా అదోలా ఉంది, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు. అడిగితే పన్ను నొప్పి అన్నాడు. పన్ను నొప్పి నెలంతా ఉంటుందా?

ఫోటో పంపమని పోరాను. పంపాడు. నీలం గళ్ల చొక్కా వేసుకుని నవ్వుతున్నాడు. చూడగానే గుండె నిమ్మళించింది. వంట చేసుకుంటుంటే ఒక్కసారిగా తట్టింది. గరిటె పొయ్యి మీదే వదిలేసి పోయి బీరువా తెరిచాను. ఆ నీలం గళ్ల చొక్కా ఇక్కడే ఉంది, నేనే ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కు తగిలించాను. ఆయన పంపింది పాత ఫోటో.

ఆ పూట కూర మాడిపోయింది. మా అమ్మాయి ఎర్లాంగెన్‌లో చదువుతుంది, శనాదివారాలు రైల్లో ఇంటికి వస్తుంది. వచ్చీ రాగానే చొక్కా, ఫోటో రెండూ దాని ముందు పెట్టాను.

"అమ్మా, ఆలెస్ గూట్, అంతా బాగానే ఉంది. నాన్న టయర్డ్‌గా ఉండి ఉంటడు. అందరికీ సెల్ఫీ ఇష్టముండదు."

"సెల్ఫీ ఇష్టం లేనోడు పాతది ఎందుకు ఎతికి పంపుతడే?"

అది ఫోటోను పెద్దది చేసి చూసింది. చొక్కా వంక చూస్తూ ఉండిపోయింది.

నా భయం ఏమిటో దానికి చెప్పలేదు. బాలానగర్‌లో ఉన్నప్పుడు మా వాకిట్లో అద్దెకుండే ఒకాయనకు ప్రెస్సు మిషన్లో చెయ్యి పోయింది. ఆయన భార్యకు చెప్పలేక మూడు రోజులు ఓవర్‌టైమ్ అని కబురు పంపాడు. ఇప్పుడు మా ఆయన కూడా అట్లాగే దాస్తున్నాడని నా మనసులో పడిపోయింది. కుడిచెయ్యా, ఎడమచెయ్యా, ఎన్ని వేళ్లు అని ఆలోచిస్తూ పొద్దంతా గడిపేదాన్ని. ఇంకో ఆడదాన్ని పెట్టుకున్నాడేమో అని కూడా ఒక పూట అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పూట కాస్త తేలిగ్గానే ఉంది, ఆడదైతే వేళ్లన్నీ ఉంటాయి గదా అని.

ఎండాకాలం చివర, అక్కడ పనిచేసే వాళ్ల కుటుంబాలను రానిస్తున్నారని మా అమ్మాయి ఎక్కడో చదివింది. "నేను పోత" అన్నాను.

"ఒక్కదానివా? అమ్మా, నువ్వు పక్కనున్న ష్టుట్‌గార్ట్ పోవాలంటేనే నన్ను ఎస్‌బాన్ రైలు దాకా రమ్మంటవ్."

"అక్కడ మీ నాయినున్నడు గద, ఈడ ఎవరున్నరు?"

అది లాప్‌టాప్ తీసింది. నేను చదివింది ఆరో తరగతి. కాగితాల పని మొత్తం దానిదే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వీసాకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడానికే మూడు వారాలు పట్టింది. పెళ్లి సర్టిఫికెట్ జర్మనీ వచ్చేటప్పుడే చేయించాం కాబట్టి బతికిపోయాం. ఆయన అక్కడి నుంచి పిలుపు కాగితం పంపాలి. వద్దంటాడేమోనని భయపడ్డాను. వద్దనలేదు. "వస్తవా?" అని ఒక్క మాట అడిగాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు. ఆ గొంతు విన్నాక నా భయం రెట్టింపైంది.

విమానం ఎక్కే ముందు రెండుసార్లు ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. రెండూ బాగుంటేనే ఫోన్‌లో ఆకుపచ్చ డబ్బా, అంటే ఆరోగ్య కోడ్, వస్తుంది, అది చూపిస్తేనే విమానం ఎక్కనిస్తారు. ఎయిర్‌పోర్ట్‌లో మా అమ్మాయి ఫోన్ పట్టుకుని గిరగిరా తిరిగింది. డబ్బా పచ్చబడగానే అంతమందిలో నన్ను ఎత్తినంత పని చేసింది.

విమానంలో సగం మంది ఒళ్లంతా కప్పే తెల్ల సూట్లు, కళ్లజోళ్లు, చేతి తొడుగులు వేసుకుని వచ్చారు. నా పక్క సీటామె పదకొండు గంటలు మాస్క్ తీయలేదు, నీళ్లు కూడా ముట్టలేదు. నేను పులిహోర డబ్బా తీసి మూత తెరవగానే ఆమె కిటికీ వైపు ముడుచుకుంది. నాకు సిగ్గేసింది గానీ ఆకలి కూడా వేసింది. మాస్క్ కాస్త ఎత్తడం, ముద్ద పెట్టుకోవడం, మళ్లీ దించడం. అట్లా డబ్బా ఖాళీ చేశాను.

షాంఘైలో దిగాక ఎవరి మొహమూ కనపడలేదు. అందరూ తెల్ల సూట్లే, వీపు మీద పెన్నుతో ఏవో రాసుకున్నారు. నడువు అంటే నడిచాను, నిలబడు అంటే నిలబడ్డాను. బస్సెక్కించారు. ఏ హోటల్‌కు తీసుకెళ్తున్నారో దిగేదాకా తెలియదు. అక్కడ పది రోజులు గదిలో ఉండాలి, ఆ తర్వాతే హెఫేయి రైలు.

గది బాగానే ఉంది. నేల మీద కార్పెట్ కనపడకుండా ప్లాస్టిక్ పరిచారు, నడిస్తే చరచరమంటుంది. కిటికీ బెత్తెడే తెరుచుకుంటుంది. తలుపు బయట ఒక స్టూలు, దాని మీద మూడు పూటలా అన్నం డబ్బా పెట్టి తలుపు కొట్టి వెళ్లిపోతారు. తెల్లన్నం బాగుండేది. కూరలో ఏముందో తెలియక, అన్నంలో ఊరగాయ కలుపుకునేదాన్ని. పొద్దున తొమ్మిదింటికి, మధ్యాహ్నం మూడింటికి తెల్ల సూట్ల వాళ్లు ఇద్దరు వచ్చి తుపాకి లాంటిది నుదుటికి గురిపెట్టి జ్వరం చూస్తారు. జ్వరముంటే ఆసుపత్రికి తీసుకెళ్తారు, అక్కడి నుంచి రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్క. ఇది మా అమ్మాయి నాకు పదిసార్లు చెప్పి పంపింది.

రోజూ ఆయనకు ఫోన్ చేసేదాన్ని. ఇప్పుడు ఇద్దరం ఒకే దేశంలో ఉన్నాం, మధ్యలో రెండు మూడు గంటల రైలు. అయినా కెమెరా లేదు.

"ఇగ వస్తివి గద. పది దినాలైతే ఎదురుంగనే చూడొచ్చు" అనేవాడు.

ఆరో రోజు పొద్దున నాకు రెండు తుమ్ములు వచ్చాయి.  మర్నాడు ముక్కు పరీక్ష ఉంది. ఆ రెండేళ్లూ మా వాళ్లు ఏ దేశంలో ఉన్నా తుమ్ము వస్తే చేసింది ఒకటే పని, ఆవిరి పట్టడం. మా చెల్లెళ్లు మా ఊళ్లో పట్టేవాళ్లు, నేను జర్మనీలో పట్టేదాన్ని. నా సంచిలో పసుపు ఉంది, బామ్ ఉంది. గదిలో కెటిల్ ఉంది, బట్టలు ఉతుక్కోవడానికి ఇచ్చిన ప్లాస్టిక్ టబ్బు ఉంది. మూడు కెటిళ్ల నీళ్లు మరగబెట్టి టబ్బులో పోశాను. గుప్పెడు పసుపు, వేలెడు బామ్ వేశాను. మంచం మీది తెల్ల రజాయి నెత్తి మీద నుంచి కప్పుకుని వంగి కూర్చున్నాను. ఎంత బాగుందో! ముక్కులు వదిలాయి, తల తేలికైంది. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ కూర్చున్నాను.

తలుపు కొట్టారు. తొమ్మిదైంది.

రజాయి మెడకు చుట్టుకునే పోయి తలుపు తీశాను. తుపాకి నుదుటికి పెట్టారు. అది కుయ్‌మని అరిచింది. ఎర్ర దీపం. మళ్లీ పెట్టారు, మళ్లీ అరిచింది. ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ పక్కన గోడకు అద్దముంది, అందులో నన్ను నేను చూసుకున్నాను. మొహం ఎర్రగా కందిపోయింది. ముక్కు, గదవ పసుపు పచ్చగా ఉన్నాయి. బామ్ ఘాటుకు కళ్ల వెంట ధారలు కారుతున్నాయి. తెల్ల రజాయి మీద పెద్ద పెద్ద పచ్చ మరకలు. నేను వాళ్ల స్థానంలో ఉంటే పారిపోయేదాన్ని.

"నో ఫీవర్! నో ఫీవర్!" అంటూ టబ్బు చూపించాను. వాళ్లు టబ్బు వంక చూశారు. అందులో పచ్చటి నీళ్లు పొగలు కక్కుతున్నాయి. నేను వాంతి చేసుకున్నాననుకున్నారని తర్వాత తెలిసింది. తలుపు మూసేశారు.

కాసేపటికి గదిలో ఫోన్ మోగింది. ఇంగ్లీషులో ఎవరో మాట్లాడారు. అన్ని మాటల్లో నాకు రెండే అర్థమయ్యాయి, "ఫీవర్", "హాస్పిటల్".  ప్లాస్టిక్ మీదే కూలబడి ఆయనకు ఫోన్ చేశాను.

"ఏమైందే?"

"జ్వరమంటున్నరు. దవాఖానకు తీస్కపోతరంట."

"జ్వరమా? ఎప్పటిసంది?"

"జ్వరం లేదు పాడు లేదు. ఆవిరి పట్టిన."



"ఏం పట్టినవ్?"

"ఆవిరి. పసుపేసుకొని."

"తుపాకి పట్టుకొని వాళ్లొచ్చే టైముకా?"

"తుమ్మొచ్చింది మరి! ఏం జెయ్యాలె?"

"తుమ్మితే తుమ్మినవ్. పది దినాలు చేతులు కట్టుకొని కూసోరాదు? ఆగు, ఎటూ పోకు" అన్నాడు. ఎటు పోతాను? నవ్వు రాకపోయినా ఆ మాట పట్టుకుని కూర్చున్నాను.

ఆయన ఫ్యాక్టరీలో ఇంగ్లీషు వచ్చిన ఒక చైనా అమ్మాయి ఉంది, జర్మనీ వాళ్ల మాటలు అక్కడి వాళ్లకు, అక్కడి వాళ్ల మాటలు వీళ్లకు చెప్పడం ఆమె పని. ఆమెను పట్టుకుని హోటల్ డాక్టర్‌కు ఫోన్ కలిపించాడు, నన్నూ అందులోకి లాగాడు. నా ఫోన్‌లో నాలుగు గళ్లు వచ్చాయి. ఒక గడిలో నేను, ఒక గడిలో ఆ అమ్మాయి, ఒక గడిలో తెల్ల సూటు డాక్టరమ్మ. నాలుగో గడి ఆయనది, నల్లగా ఉంది.

ఆయన ఇంగ్లీషులో చెప్పాడు, ఆ అమ్మాయి చైనా భాషలో చెప్పింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. మళ్లీ చెప్పారు. మళ్లీ ఊపింది. వేడినీళ్లు సరే, పసుపు ఎందుకు? పసుపు సరే, రజాయి ఎందుకు? ముసుగేసుకుని నీళ్లు తాగుతుందా, నీళ్లలో మునుగుతుందా? జుట్టుకు రంగు వేసుకుంటోందా? వాళ్ల అంబులెన్సు కింద వచ్చి ఆగిందని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది.

"ఆగుండ్రి, నేనే సూపిస్త" అన్నాడు ఆయన తెలుగులోనే.

నల్ల గడి వెలిగింది.

ఏదో క్యాంటీన్ బల్ల. దాని మీద స్టీలు గిన్నె. ఆ ఊళ్లో వేడినీళ్లు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, ఫ్లాస్కులోంచి గిన్నెలోకి ఒంపుతున్నాడు. నేను ముందు చేతులు చూశాను. కుడిచేతికి ఐదు వేళ్లు. ఎడమచెయ్యి ఫ్లాస్కు కింద ఉంది, బయటికి వచ్చేదాకా ఊపిరి తీయలేదు. ఐదు. పదీ ఉన్నాయి.

ఆయన భుజం మీద తువ్వాలు తలకు కప్పుకుని గిన్నె మీదికి వంగాడు. "లైక్ దిస్, లైక్ దిస్" అంటూ గట్టిగా గాలి పీల్చి వదిలాడు. అప్పుడు తువ్వాలు తీసి, తడి మొహంతో కెమెరా వైపు తలెత్తాడు.

మూతి కుడిపక్కకు లాగేసి ఉంది. ఎడమ చెంప జారిపోయింది. ఎడమ కన్ను రెప్ప వేయకుండా అట్లాగే తెరుచుకుని నీళ్లు కారుస్తోంది. సగం మొహం మా ఆయనది, సగం ఎవరిదో.

అవతల డాక్టరమ్మ చేతులు చరిచి పెద్దగా నవ్వింది, ఆవిరి సంగతి అర్థమైంది ఆమెకు. చైనా అమ్మాయి కూడా నవ్వింది. "అరగంట తర్వాత మళ్లీ చూస్తారట, ఈలోపల మీరు చల్లటి గుడ్డతో మొహం తుడుచుకోవాలట" అని ఆ అమ్మాయి మాటను ఆయన తెలుగులో చెప్తున్నాడు. నాకేమీ ఎక్కడం లేదు.

"మూతికేమైందయ్యా?" అన్నాను.

ఆయన చెయ్యి గబుక్కున మొహం మీదికి పోయింది. కెమెరా సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆఫ్ చేస్తాడనుకున్నాను. చేయలేదు.

"నరం వాసిందంట. పక్షవాతం గాదు, తల ఫోటో కూడ తీసిండ్రు. మెల్లగ అదే మంచిగైతదన్నరు."

"ఎన్ని దినాలైతుంది?"

"మూడున్నర నెలలు."

"మూడున్నర నెలలు నెట్‌వర్క్ బాగాలేదా?"

"చెప్తే ఒక్కదానివే ఆడ ఏడ్సుకుంట కూసుంటవని."

"ఏడ్వకుంట కూసున్ననా మరి? నీ చెయ్యి పోయిందనుకున్ననయ్యా! దినాం నీ ఏళ్లు లెక్కపెట్టుకుంట కూసున్న!"

"చెయ్యా?" అన్నాడు. రెండు చేతులూ ఎత్తి కెమెరా ముందు పది వేళ్లూ ఆడించాడు. నవ్వబోతే మూతి ఇంకా పక్కకు పోయింది. నాకు ఏడుపు, నవ్వు, కోపం ఒకేసారి వచ్చాయి. 

డాక్టరమ్మ ఇంకా అక్కడే ఉంది. మా ఆయన మొహం దగ్గరగా చూసి ఏదో చెప్పింది. వాళ్ల బావకూ ఇట్లాగే అయిందట, ఆరో నెల్లో పూర్తిగా కుదుటపడ్డాడట, మొహానికి గుచ్చే చైనా వైద్యం సూదులు మాత్రం మానొద్దట. ఆమె మొహం నేను చూడనేలేదు, మాస్కూ కళ్లజోడూ తప్ప. అయినా ఆ పూట ఆమె మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

అరగంట తర్వాత తుపాకి పచ్చదీపం చూపించింది. ముక్కులో, గొంతులో పుల్లలు పెట్టి, ఆ పుల్లలు పరీక్షకు తీసుకెళ్లారు. మర్నాడు ఏమీ లేదని కబురొచ్చింది, అంబులెన్సు ఎప్పుడో వెళ్లిపోయింది. స్టూలు మీద కొత్త రజాయి మడత పెట్టి ఉంది, దాని మీద అల్లం ముక్కలున్న ఒక పొట్లం. ఎవరు పెట్టారో తెలియదు. ఆ తర్వాత ఆయన రోజూ కెమెరా పెట్టే మాట్లాడాడు.

పదో రోజు బయటపడి రైలెక్కాను. అది పరిగెడుతున్నట్టు కాక జారుతున్నట్టు పోయింది. పొలాలు, చెరువులు, మళ్లీ పొలాలు. ఉన్నట్టుండి క్రేన్లు మొదలయ్యాయి. ఎక్కడ చూసినా క్రేన్లే, వరిచేలో కొంగల్లా. అదే హెఫేయి అని అర్థమైంది.

స్టేషన్‌లో అందరూ మాస్కుల్లోనే ఉన్నారు. ఆయన నన్ను చూసి చెయ్యి ఊపాడు. దగ్గరికొచ్చాక మాస్క్ తీయలేదు, నేనూ తీయమనలేదు. పెట్టె పట్టుకున్న ఆ చేతిని కాసేపు పట్టుకున్నాను.

ఆ ఊరు చూసి నేను నోరు తెరిచాను. జిండెల్ఫింగెన్‌లో ఒక వీధి దీపం మార్చాలంటే ముందు మూడు నెలలు బోర్డు పెడతారు. ఇక్కడ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర కనపడనంత వెడల్పు, కానీ చెట్లు ఇంకా నా భుజం దాకానే ఉన్నాయి. ఒక్కో మొక్కకూ మూడు కర్రల ఊతం. ముప్పై అంతస్తుల ఇళ్లు పది పదిగా లేచాయి, వాటిలో ఏ నాలుగు బాల్కనీల్లోనో బట్టలు ఆరేసి ఉన్నాయి. బస్ స్టాపులకు పేర్లున్నాయి, ఆ పేరుగల చోట ఇంకా ఏమీ లేదు.

"నేనొచ్చినప్పుడు గిదంత ఆవచేనే, పచ్చగుండె" అన్నాడు ఆయన, మా బిల్డింగ్ ముందు నిలబడి. "నేను పండుకొని లేసేలోపల ఒక అంతస్తు లేస్తది."

మెట్రో స్టేషన్ వాకిట్లో ఒక ముసలామె గోనె పట్టా పరిచి కొత్తిమీర, ఉల్లికాడలు అమ్మేది. ఆ చేనులో మిగిలిన ముక్క ఆమెదేనట. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమెది రాదు, రోజూ పది నిమిషాలు మాట్లాడుకునేవాళ్లం. సాయంత్రం ఆరింటికి ఫ్యాక్టరీ షిఫ్టు దిగుతుంది. వేలమంది కరెంటు స్కూటర్ల మీద, చప్పుడు లేకుండా, చెరువు గట్టు తెగి నీళ్లు వచ్చినట్టు వచ్చేవారు. అందులో ఒక ఎర్ర హెల్మెట్ మా ఆయనది. బాల్కనీ నుంచి వెతికి పట్టుకునేదాన్ని.

రెండు రోజులకోసారి వీధి చివర బూత్ దగ్గర కరోనా పరీక్షకు వరసలో నిలబడి నోరు తెరవాలి. మొదటిసారి ఆయన మాస్క్ దించుతుంటే నాకు చుట్టూ చూడాలనిపించింది. ఎవరూ పట్టించుకోలేదు. బూత్‌లో అమ్మాయి ఆయన మూతి చూసి, పుల్లను బాగున్న వైపు నుంచి పెట్టింది. అంతే.

వారానికి మూడుసార్లు సూదుల ఆసుపత్రికి వెళ్లేవాళ్లం. అరవై ఏళ్ల డాక్టరమ్మ, మా పెద్దత్త లాంటి మనిషి. చెంపకు, కనుబొమ్మకు, చెవి వెనక వెంట్రుకల్లాంటి సూదులు గుచ్చి, ఎర్ర దీపం కింద పడుకోబెట్టేది. గుచ్చుతూ తిట్టేది. చెమటలు కారుతుంటే ప్రెస్సుల దగ్గర నుంచి వచ్చి ఏసీ గాలికి ఎదురుగా పడుకున్నాడట, అందుకే వచ్చిందని ఆమె లెక్క. నాకు ఆమె తెగ నచ్చింది. మొహానికి వెచ్చదనం మంచిదని ఫోన్‌లో రాసి, తెలుగులోకి మార్చి చూపించింది. ఆవిరి పట్టొచ్చా అని నేను తిరిగి రాయించాను. పట్టొచ్చు, రోజుకు రెండుసార్లు అంది. మా ఆయన సూదుల మధ్య నుంచే, "అయిపాయె, ఇంక నన్నొదలదు" అన్నాడు.

ఒదల్లేదు. పొద్దున, సాయంత్రం ముసుగేసి కూర్చోబెట్టాను. అద్దం ముందు బుగ్గలు ఊదమని డాక్టరమ్మ చెప్పింది, ఊదితే గాలి ఎడమవైపు నుంచి తుస్సుమనేది. మూతి వారం వారం సర్దుకుంటూ వచ్చింది. కన్నే మొండికేసింది. పడుకునేటప్పుడు రెప్పను మూసి టేపు అంటించాలి. మొహం కడుక్కోవాలంటే ఒక వేలితో ఎడమ రెప్పను నొక్కి పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్లు చల్లుకోవాలి. లేకపోతే సబ్బు లోపలికి పోయి గిలగిల్లాడతాడు. మూతి సరే, ఆ కన్ను మూసుకోకపోతే ఎట్లా అని నాకు లోపల పీకుతూనే ఉండేది. పని చేసేది ఇనుప రజను మధ్యలో.

చలి ముదిరాక ఒక ఆదివారం తలకు నూనె పెట్టి, స్నానాలగదిలో స్టూలు మీద కూర్చోబెట్టాను. నేనే తల రుద్దాను. నురగ నుదుటి మీదికి జారింది. ఆయన ఫ్యాక్టరీ సంగతులు చెప్తున్నాడు, ఏదో డోరు రేకు చివరికి ముడత లేకుండా వచ్చిందని, వసంతానికల్లా జర్మనీ పొమ్మంటారేమోనని. నేను చెంబు ముంచి నీళ్లు ఎత్తాను. ఎత్తినదాన్ని ఆగిపోయాను.

ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద ఉన్నాయి. నురగ కిందికి వస్తోంది, ఎడమ రెప్ప దానంతట అదే మూసుకుని ఉంది. పక్కన సన్న సందు కూడా లేదు.

"పొయ్యవేందే? సలి పెడ్తుంది."

"కన్ను మూస్కుందయ్యా."

"ఏ కన్ను?"

"నీ కన్నే! ఎడమది! ఏలు పెట్టనేలేదు నువ్వు."

చెయ్యి ఎత్తి తడుముకోబోయాడు, నేను చేతి మీద ఒక్కటిచ్చి దించాను. కాసేపు అట్లాగే కూర్చున్నాడు, కదిలితే మళ్లీ తెరుచుకుంటుందేమో అన్నట్టు. నేను చెంబు వంచాను. నీళ్లు ఆయన మొహం మీదుగా పోయాయి, ఒక్క చుక్క లోపలికి పోలేదు. ఇంకో చెంబు పోశాను. మురికి ఎప్పుడో పోయింది, ఆయన చాలు చాలు అంటున్నాడు, నేను ఇంకా పోస్తూనే ఉన్నాను.